లేజర్ మెషిన్ కెమెరా మెటీరియల్‌ను గుర్తించకపోతే: ముందు వెలుతురు, తర్వాత ఎత్తు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కడపలో నేమ్ ప్లేట్లు, షీల్డులు, కీచైన్లు చేసే షాపు. మూత లోపల కెమెరా ఉన్న సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువుతో నడిచే) లేజర్ మెషిన్, ముక్కను పెట్టే బెడ్ పైకీ కిందికీ కదలదు. పొద్దున ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసే పలక) ముక్క పెడితే గుర్తిస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక అదే ముక్క పెడితే ‘మెటీరియల్ దొరకలేదు’ అంటుంది. పారదర్శకంగా ఉండే యాక్రిలిక్‌ను, నల్ల నాపరాయిని ఏ పూటా గుర్తించదు. పైగా 20 మిల్లీమీటర్ల మందమున్న నాపరాయి మీద అక్షరాలు స్క్రీన్ మీద పెట్టిన చోట కాకుండా, అంచుల దగ్గర దాదాపు 7 మిల్లీమీటర్లు పక్కకు పడుతున్నాయి. ‘అన్నా, కెమెరా మార్చాలా, మెషిన్ కంపెనీకి పంపాలా?’ అని అడిగారు.

రెండూ అవసరం లేదు. నేను అనంతపురంలో ఇదే పని చేస్తున్నాను. మీరు చెప్పిన లక్షణాలను బట్టి కెమెరా బాగానే ఉంది. పాడైన కెమెరా సాధారణంగా పొద్దున మాత్రం పనిచేసి సాయంత్రం మానేయదు. మీకున్నది ఒక సమస్య కాదు, మూడు. మధ్యాహ్నం ఇబ్బంది వెలుతురుది. యాక్రిలిక్, నాపరాయి కనబడకపోవడం మెరుపుది, రంగుది. అక్షరాలు పక్కకు పోవడం ఎత్తుది. మూడింటినీ కలిపి చూస్తే కెమెరా మీద అనుమానం వస్తుంది, విడదీసి చూస్తే ఒక్కోదానికీ పరిష్కారం మీ షాపులోనే ఉంది.

ముందు ‘గుర్తించడం’ అంటే మెషిన్ నిజంగా ఏం చేస్తుందో తెలుసుకోవాలి. కొన్ని కంపెనీలు తమ షీట్ల మీద కోడ్ అంటించి అమ్ముతాయి. గ్లోఫోర్జ్ వాళ్ల ప్రూఫ్‌గ్రేడ్ షీట్లు అలాంటివే. మూతలోని కెమెరా ఆ క్యూఆర్ కోడ్ చదివి పవర్, స్పీడ్ తానే పెడుతుంది. అక్కడ కెమెరా చెక్కను చూసి ఇది చెక్క అని తేల్చడం లేదు, చీటీ చదువుతోంది అంతే. రెండో పద్ధతిలో కోడ్ ఏమీ ఉండదు. సాఫ్ట్‌వేర్ ఫొటో తీసి, బెడ్‌కూ ముక్కకూ మధ్య అంచు ఎక్కడుందో వెతికి, రంగునూ పైన కనిపించే పోగులనూ బట్టి ఇది ఫలానాది కావచ్చు అని అంచనా వేస్తుంది. మనం కడపలోనో కర్నూలులోనో ప్లైవుడ్ షాపుకు వెళ్లి తెచ్చుకునే ఎండీఎఫ్ మీద ఏ కోడూ ఉండదు. కాబట్టి మీ మెషిన్ ప్రతిసారీ చేసేది అంచనాయే. ఆ అంచనాకు కావలసింది మంచి ఫొటో. ఫొటో బాగుంటే అంచు దొరుకుతుంది. అంచు దొరకకపోతే మిగతాదంతా ఆగిపోతుంది.

ఇప్పుడు వెలుతురు. పదిలో ఎక్కువ కేసులు ఇక్కడే తేలిపోతాయి కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

మీ షాపు షట్టర్ ఏ దిక్కుకు ఉందో రాయలేదు. పడమటి వైపు అయితే సగం జవాబు అక్కడే ఉంది. మూడు గంటల తర్వాత ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి మెషిన్ మూత మీద పడుతుంది. మూత గాజైనా రంగు యాక్రిలిక్ అయినా కొంత వెలుతురు లోపలికి దిగుతుంది. బెడ్ ఒక మూల తెల్లగా వెలిగిపోతుంది, మిగతాది నీడ. ఆటో ఎక్స్‌పోజర్‌లో ఉన్న, అంటే వెలుతురును బట్టి తానే సర్దుకునే కెమెరా ఆ వెలుగు మూలకు సర్దుకుని మిగతా బెడ్‌ను చీకటి చేసేస్తుంది. ఎండీఎఫ్ గోధుమ రంగు, బెడ్ నలుపు, రెండూ ఆ చీకట్లో కలిసిపోతాయి. మనిషి కంటికి తేడా స్పష్టంగా తెలుస్తుంది, అందుకే మనకు అనుమానం రాదు. మీ కంటిని నమ్మకండి, సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన ఫొటోను పెద్దది చేసి చూడండి.

రుజువు చేసుకోవడం సులువు. మధ్యాహ్నం అది గుర్తించని సమయంలోనే మూత మీద పెద్ద అట్టముక్కో దుప్పటో కప్పి, మెషిన్ లోపలి లైటు మాత్రమే ఉంచి మళ్లీ ఫొటో తీయించండి. లేజర్ ఆన్ చేయకండి, ఫొటో వరకే. అప్పుడు గుర్తిస్తే దోషం ఎండదే. మెషిన్‌ను షట్టర్‌కు అడ్డంగా తిప్పి లోపలి గోడ వైపు జరపండి, లేదా షట్టర్‌కు మందపాటి తెర కట్టండి. రెండూ కుదరకపోతే అదే అట్టను మూతకు సరిపోయేలా కోసి ఫొటో తీసేటప్పుడు మాత్రం పెట్టండి. పని మొదలుపెట్టే ముందు అట్ట తీసేయాలి. లోపల మంట లేస్తే మీకు కనబడాలి.

కప్పినా గుర్తించకపోతే లోపలి లైటును చూడండి. చాలా మెషిన్లలో సన్నని ఎల్‌ఈడీ స్ట్రిప్ ఒక పక్కనే ఉంటుంది. రెండో పక్క ఎప్పుడూ నీడే. ఎదురు పక్క కూడా అలాంటి స్ట్రిప్ ఒకటి పెట్టించండి, దాని మీద బటర్ పేపర్ అడ్డం పెడితే వెలుగు చుక్కలు చుక్కలుగా పడకుండా పరుచుకుంటుంది. అయితే ఆ పేపర్ లేజర్ హెడ్ తిరిగే దారికి దూరంగా ఉండాలి. స్ట్రిప్‌ను మామూలు చౌక అడాప్టర్‌తో నడిపితే ఇంకో చిక్కు వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం ఎల్‌ఈడీలు దానితోపాటు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు గాని ఫొటోలో అడ్డంగా చారలు వస్తాయి, ఆ చారలను సాఫ్ట్‌వేర్ అంచులు అనుకుంటుంది. ఫోన్ కెమెరా పెట్టి చూస్తే చారలు కదులుతూ కనిపిస్తాయి. కెమెరా సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్ అని ఉంటే 60 కాకుండా 50 పెట్టండి, స్ట్రిప్‌కు మంచి డీసీ అడాప్టర్ ఇవ్వండి. వెలుతురు ఒక పద్ధతికి వచ్చాక ఎక్స్‌పోజర్‌ను, రంగులను సర్దే వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి తీసేసి ఒక చోట నిలిపేయండి. అలా ఉంచితే పొద్దునా సాయంత్రమూ ఒకేలాంటి ఫొటో వస్తుంది.

వెలుతురుతో పాటే లెన్స్ శుభ్రత. ఎండీఎఫ్ కోస్తే వచ్చే పొగలో జిగురు ఉంటుంది. అది కెమెరా లెన్స్ మీద పల్చటి పొరలా పేరుకుంటుంది. ఫొటో కాస్త మసకబారినట్టు ఉంటే లెన్స్ తుడిచే మెత్తటి గుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి నెమ్మదిగా తుడవండి. చొక్కా అంచుతో వద్దు, గీతలు పడతాయి. తుడిచేటప్పుడు లెన్స్ చుట్టూ ఉన్న రింగును తిప్పకండి. అది తిరిగితే ఫోకస్ పోతుంది, క్యాలిబ్రేషన్, అంటే లెన్స్ తెచ్చే వంకరను సాఫ్ట్‌వేర్‌కు నేర్పే పని, మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది. మన వైపు దుమ్ము ఎక్కువ కాబట్టి ఎండాకాలంలో వారానికోసారైనా చూసుకోవాలి. మెషిన్ పక్కనే ఎయిర్ కూలర్ పెట్టేవాళ్లు దాన్ని దూరం జరపండి. ఆ తేమకు ఎండీఎఫ్ ఉబ్బుతుంది, సన్నని షీట్లు వంగుతాయి.

ఇక యాక్రిలిక్, నాపరాయి. పారదర్శక యాక్రిలిక్ గుండా కెమెరాకు కనిపించేది కింద ఉన్న బెడ్డే. లేని అంచును వెతకమంటే అది ఏం చేస్తుంది? దీనికి మందు షీటుతోనే వస్తుంది. పైన అంటించి ఉండే రక్షణ కాగితాన్ని తీయకండి. ఆ గోధుమ రంగు కాగితం కెమెరాకు బాగా కనబడుతుంది, కోసేటప్పుడు పొగ మచ్చలు పడకుండానూ కాపాడుతుంది. కాగితం బదులు సన్నని ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటే దాన్ని తీసేసి పేపర్ టేప్ అంటించండి. ఆ ఫిల్మ్ దేనితో చేశారో మనకు తెలియదు, కరిగి అంచుకు అంటుకునేదీ ఉంటుంది.

నల్ల నాపరాయికి రెండు ఇబ్బందులు. బెడ్ నలుపు, రాయి నలుపు. పాలిష్ చేసిన రాయి అయితే లోపలి లైటు దాని మీద అద్దంలో పడ్డట్టు పడి ఒక తెల్లటి గీత వస్తుంది. రాయి కింద తెల్ల కార్డుబోర్డు రాయి కంటే కాస్త పెద్దది పరిస్తే అంచు వెంటనే తేలుతుంది. రాయిని కోయడం లేదు, పైన చెక్కడమే కాబట్టి కింద కాగితం ఉన్నా ఫరవాలేదు. కోసే పనికి మాత్రం ఎప్పుడూ ఇలా చేయకూడదు, కింది కాగితం అంటుకుంటుంది. రాయి నాలుగు మూలలకూ పేపర్ టేప్ ముక్కలు అంటిస్తే ఇంకా మంచిది. ఆ మూలలు చూసుకుని డిజైన్‌ను చేత్తోనే అమర్చుకోవచ్చు. అప్పుడు ఆటో గుర్తింపు పనిచేసినా చేయకపోయినా మీ పని ఆగదు. మెటీరియల్ లిస్టులో నాపరాయి అని ఉండదు. చిన్న పెచ్చు మీద పవర్, స్పీడ్ మారుస్తూ చిన్న గళ్లు చెక్కి చూసి, బాగా తెల్లగా వచ్చిన గడి సెట్టింగును సొంత పేరుతో సేవ్ చేసుకోండి. బేతంచర్ల రాయికీ ఎర్రగుంట్ల వైపు రాయికీ ఒకే సెట్టింగు సరిపోతుందని అనుకోవద్దు, లోడు మారినప్పుడల్లా పెచ్చు మీద చూడండి.

చదునుగా ఉండని వస్తువులు కూడా ఇలాగే ఏడిపిస్తాయి. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో వాడే మేకతోలు చూశారు కదా, వెలుతురు గుండా పోతుంది, ఒక చోట లేచి ఒక చోట దిగి ఉంటుంది. అలాంటి తోలు మీద పని వస్తే చుట్టూ అయస్కాంతాలతో బెడ్‌కు అదిమి పెట్టాకే ఫొటో తీయాలి. నా మాటగా చెప్పాలంటే ఆ బొమ్మలకు ఉలితో కొట్టే చిల్లులే అందం, వాటిని లేజర్‌కు అప్పగించనక్కర్లేదు.

అక్షరాలు పక్కకు పోవడం గురించి ఇప్పుడు. చాలామంది ఇక్కడే కెమెరా కొత్తది కొంటారు, కొత్తదీ ఇదే తప్పు చూపిస్తుంది.

కెమెరా బెడ్ మధ్యలో పైన ఉంది. బెడ్ మట్టాన్ని లెక్కగా పెట్టుకుని ఎక్కడ ఏ చుక్క ఉందో చెబుతుంది. మీరు 20 మిల్లీమీటర్ల రాయి పెడితే దాని పైభాగం కెమెరాకు 20 మిల్లీమీటర్లు దగ్గరైంది. గోడ గడియారాన్ని పక్కనుంచి చూస్తే ముల్లు వేరే అంకె మీద ఉన్నట్టు కనిపిస్తుంది కదా, ఇదీ అంతే. మధ్యలో ఉన్న చుక్క సరిగ్గానే కనబడుతుంది. మధ్య నుంచి దూరం పోయేకొద్దీ చుక్క అసలు కన్నా బయటికి జరిగి కనబడుతుంది. లెక్క చిన్నదే: మధ్య నుంచి దూరాన్ని మందంతో గుణించి, కెమెరా ఎత్తులోంచి మందం తీసేయగా మిగిలిన దానితో భాగించాలి. కెమెరా బెడ్ నుంచి 300 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. మధ్య నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో, 20 మిల్లీమీటర్ల రాయి మీద తేడా 100 × 20 ÷ 280, అంటే 7.1 మిల్లీమీటర్లు. మీరు చెప్పిన 7 ఇదే. అదే చోట 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ అయితే తేడా సుమారు 1 మిల్లీమీటరు. అందుకే కీచైన్లలో మీకు ఇది తెలియలేదు. మీ మెషిన్‌లో కెమెరా ఎత్తు ఎంతో టేపుతో కొలిచి ఇదే లెక్క వేసుకోండి.

పరిష్కారం ఒక్కటే, సాఫ్ట్‌వేర్‌కు సరైన మందం చెప్పడం. ‘ఆటో’ మీద వదలకండి. వెర్నియర్ క్యాలిపర్‌తో రాయిని నాలుగు పక్కలా కొలవండి. నాపరాయి కోత ఒక పక్క 18, ఇంకో పక్క 21 ఉండడం మామూలే. షాపువాడు 20 అన్నాడని 20 వేస్తే తేడా మిగిలిపోతుంది. మరీ ఎగుడుదిగుడుగా ఉంటే సన్నటి పక్క కింద ముక్కలు పెట్టి పైభాగాన్ని మట్టం చేయండి, లేకపోతే లేజర్ ఫోకస్ కూడా ఒక పక్కే కుదురుతుంది. ఎండీఎఫ్ విషయంలోనూ పేరుకు 3 అని అమ్మేది క్యాలిపర్‌లో 2.7 కావచ్చు. బెడ్ పైకీ కిందికీ కదిలే పెద్ద మెషిన్లు ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. ఏ మెటీరియల్ పెట్టినా దాని పైభాగం ఎప్పుడూ ఫోకస్ ఎత్తుకే వచ్చేలా బెడ్ దించుకుని, కెమెరా అలైన్‌మెంట్‌ను (ఫొటోలోని చోటునూ లేజర్ పడే చోటునూ కలపడాన్ని) ఆ ఎత్తులోనే చేసుకుంటే మందం ఎంతైనా తేడా రాదు.

తేడా ఎందుకొస్తోందో కచ్చితంగా తేల్చే పరీక్ష ఒకటి చెబుతాను. బెడ్ మీద పెద్ద తెల్ల కార్డు పరిచి మందం సరిగ్గా ఇవ్వండి. సాఫ్ట్‌వేర్‌లో ఐదు చిన్న ప్లస్ గుర్తులు పెట్టండి, ఒకటి మధ్యలో, నాలుగు మూలల దగ్గర. తక్కువ పవర్‌తో, పక్కనే నిలబడి, వాటిని గీయించండి. కార్డు కదపకుండా కెమెరా ఫొటో మళ్లీ తీయించండి. కాలిన గుర్తులూ స్క్రీన్ మీది గుర్తులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయా చూడండి. మధ్యలో సరిపోయి నాలుగు మూలల్లోనూ బయటికో లోపలికో సమానంగా జరిగితే అది ఎత్తు తప్పు. ఐదూ ఒకే దిక్కుకు ఒకే దూరం జరిగితే కెమెరా కదిలింది, అలైన్‌మెంట్ మళ్లీ చేయాలి. ఒక పక్క సరిగ్గా ఉండి ఎదురు పక్కకు పోయేకొద్దీ తేడా పెరిగితే మూత సరిగ్గా కూర్చోలేదు లేదా కెమెరా వంగింది. కార్డు అంచుల్లాంటి తిన్నటి గీతలు ఫొటోలో విల్లులా వంగి కనిపిస్తే లెన్స్ క్యాలిబ్రేషన్ పోయింది. లైట్‌బర్న్ అనే లేజర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇవి రెండు వేర్వేరు పనులు: ముందు లెన్స్ క్యాలిబ్రేషన్, తర్వాత అలైన్‌మెంట్. మొదటిది తప్పితే రెండోది ఎంత జాగ్రత్తగా చేసినా నిలవదు. లైట్‌బర్న్ బెడ్ ఫొటో చూపిస్తుంది గాని మెటీరియల్ ఏదో చెప్పదు, ఆ ఆశ పెట్టుకోకండి.

మూత విషయం కాస్త గట్టిగా చెప్పాలి. కెమెరా మూతకే ఉంది కాబట్టి మూత ఒక్క డిగ్రీ తేడాతో మూసుకున్నా బెడ్ మీద కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కీలు వదులైందా, రబ్బరు అంచులో ఎండీఎఫ్ తునక ఏదైనా ఇరుక్కుందా చూడండి. కెమెరాను సొంతంగా బిగించుకున్నవాళ్లు దేనితో బిగించారో చూసుకోవాలి. మన ఊళ్ల ఎండలకు రేకుల షెడ్డు లోపల డబుల్ టేప్, హాట్ గ్లూ జారతాయి. త్రీడీ ప్రింట్ చేసిన పీఎల్‌ఏ ప్లాస్టిక్ బ్రాకెట్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, బరువు మోస్తూ ఉంటే అంతకన్నా ముందే నెమ్మదిగా వంగుతుంది. పొద్దున సరిగ్గా ఉండి మధ్యాహ్నం పక్కకు పోయే కెమెరాకు ఇదొక కారణం. ఇనుప పట్టీ వేసి స్క్రూలతో బిగిస్తే ఆ టెన్షన్ పోతుంది.

కెమెరా అసలు కనబడకపోవడం మీ సమస్య కాదు కాబట్టి ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. విండోస్‌లో కెమెరా అనుమతి ఆన్‌లో ఉండాలి, జూమ్ లాంటివి దాన్ని పట్టుకుని ఉండకూడదు. యూఎస్‌బీ కేబుల్ 5 మీటర్లు దాటకూడదు, లేజర్ ట్యూబుకు వెళ్లే హై వోల్టేజీ తీగకు దూరంగా ఉండాలి. లేజర్ వెలిగినప్పుడే కెమెరా తెగిపోతుంటే కారణం దాదాపు ఆ తీగే.

చివరిగా, మీరు అడగని విషయం, కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. పైన చెప్పినవన్నీ చేశాక మీ మెషిన్ చక్కగా గుర్తిస్తుంది. అప్పుడు దాని మాట నమ్మి బటన్ నొక్కడం అలవాటైపోతుంది. అలా చేయకండి. కెమెరాకు తెలిసేది రంగు, వెలుగు, అంచు. తెల్ల యాక్రిలిక్‌కూ తెల్ల పీవీసీకీ కెమెరాలో తేడా ఉండదు. బోర్డుల షాపుల్లో సన్‌బోర్డు అని అమ్మే ఫోమ్ షీటు చాలావరకు పీవీసీ. ఫ్లెక్సీ గుడ్డ పీవీసీయే, రెక్సిన్‌లో కూడా చాలా రకాలు అవే. పీవీసీ మీద లేజర్ పడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. తేమ తగిలితే అదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఊపిరితిత్తులను కాలుస్తుంది, మెషిన్ లోపలి పట్టాలనూ బేరింగులనూ తుప్పు పట్టిస్తుంది. ఎగ్జాస్ట్ ఉంది కదా అనుకోవద్దు, అది మీ షాపులోంచి తీసి పక్క షాపులోకి పంపుతుంది.

కస్టమర్ తెచ్చిన ముక్క ఏమిటో తెలియకపోతే రాగి తీగ పరీక్ష చేయండి. కటింగ్ ప్లయర్‌తో రాగి తీగ పట్టుకుని, మంటలో రంగు రావడం ఆగేదాకా ఎర్రగా కాల్చండి. వేడి తీగను ప్లాస్టిక్ ముక్కకు తాకించి, అంటుకున్న కొంచెంతో మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ లాంటిది ఉంది, ఆ ముక్కను మెషిన్‌లో పెట్టొద్దు. ఈ పరీక్ష ఆరుబయట, గాలి వీచే వైపు వీపు పెట్టి, చాలా చిన్న ముక్కతోనే చేయాలి. వచ్చే పొగ మంచిది కాదు. కస్టమర్ ‘ఇది యాక్రిలిక్కే సార్’ అని ఎంత నమ్మకంగా చెప్పినా సరే, మంట ఆకుపచ్చగా వస్తే ఆ పని వద్దని చెప్పండి. ఒక ఆర్డరు పోతే ఇంకోటి వస్తుంది. మీతో పాటు ఆ గదిలో పనిచేసే కుర్రాళ్లు కూడా అదే గాలి పీలుస్తున్నారు.

డయోడ్ లేజర్ (నీలి కాంతితో పనిచేసే చిన్న మెషిన్) ఉన్నవాళ్లకు ఒక మాట. మీ మెషిన్ పారదర్శక యాక్రిలిక్‌ను సరిగ్గా గుర్తించినా దాన్ని కోయలేదు. ఆ నీలి కాంతి, అంటే 450 నానోమీటర్లది, దాని గుండా వెళ్లిపోతుంది. సీఓటూ లేజర్‌ది 10,600 నానోమీటర్లు, దాన్ని యాక్రిలిక్ పీల్చుకుంటుంది. అందుకే అది కోయగలదు.

రేపు షాపు తెరవగానే ముందు లెన్స్ తుడిచి, తర్వాత ఐదు ప్లస్‌ల పరీక్ష చేయండి. మూడు దాటాక అట్ట కప్పి ఫొటో తీసి చూడండి. ఆ తర్వాత కూడా కుదరకపోతే కాలిన కార్డు కెమెరా ఫొటో, బెడ్ నుంచి కెమెరా ఎత్తు, రాయి నాలుగు పక్కల మందం ఇక్కడే రాయండి. ఏ దిక్కుకు ఎంత జరిగిందో చూసి చెబుతాను.